రికమండేషన్ లెటర్ చూడనని సంతకం పెడితే నిజంగా వదులుకునేదేమిటి?

దసరా సెలవులు ముగిసేసరికి అమెరికా అప్లికేషన్ల హడావుడి మొదలవుతుంది. ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం), ట్రాన్‌స్క్రిప్టులు, టోఫెల్ స్కోరు ఒక కొలిక్కి వచ్చాక, రికమెండర్ పేరు, ఈమెయిల్ నింపే పేజీలో ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఈ లెటర్‌ను చూసే హక్కును వదులుకుంటున్నారా, లేదా? పక్కనే ఫెర్పా అనో, 1974 నాటి చట్టమనో నాలుగు ముక్కలుంటాయి. వాట్సాప్ గ్రూపులో అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: ‘వెయివ్ కొట్టెయ్’, అంటే హక్కు వదులుకో అని. ఆ సలహాలో తప్పేమీ లేదు. అయితే కారణం ఎవరూ చెప్పరు కాబట్టి, కొందరు పెద్ద హక్కేదో పోతోందని బెంగపడతారు. ఇంకొందరు వెయివ్ చేసిన తర్వాత సార్ చూపించిన కాపీ చదివితే ఏమవుతుందోనని భయపడతారు. రెండు భయాలూ అక్కర్లేనివే. నిజంగా జాగ్రత్తపడాల్సిన చోటు వేరే ఉంది, అక్కడికి కాసేపట్లో వద్దాం.

లెటర్ ఏ దారిన వెళ్తుంది

అమెరికాలో బ్యాచిలర్స్‌కు అప్లై చేసేవాళ్లలో ఎక్కువమంది వాడేది కామన్ యాప్, అంటే చాలా కాలేజీలకు కలిపి ఒకే అప్లికేషన్ పంపే ఆన్‌లైన్ వేదిక. అందులో స్కూల్ కౌన్సెలర్ పంపే పత్రాలుంటాయి. కాలేజీని బట్టి ఒకరిద్దరు టీచర్ల లెటర్లు కూడా కావాలి. ఉదాహరణకు ఎంఐటీ రెండు అడుగుతుంది: లెక్కలో సైన్సో చెప్పిన టీచర్‌ది ఒకటి, భాషో సాంఘికశాస్త్రమో చెప్పిన టీచర్‌ది ఇంకొకటి. ఎంఎస్‌కైతే సాధారణంగా మూడు లెటర్లు, అది కూడా ఏ యూనివర్సిటీ పోర్టల్ దానిదే.

కాగితాల కాలంలో గోప్యత కంటికి కనిపించేది. సార్ లెటర్‌ను కవర్లో పెట్టి, అంటించి, అంటించిన చోట అడ్డంగా సంతకం చేసి, కాలేజీ స్టాంపు వేసి, దానిమీద సెల్లో టేపు అతికించేవారు. సంతకం గీత చెదిరితే కవర్ విప్పారని అర్థం. ఇప్పుడు ఆ పని పోర్టల్ చేస్తోంది. విద్యార్థి రికమెండర్ పేరు, హోదా, ఈమెయిల్ ఇచ్చి పంపమని నొక్కితే రికమెండర్‌కు ఒక లింకు వెళ్తుంది. అక్కడ ఎన్నేళ్లుగా తెలుసు, ఏ హోదాలో తెలుసు వంటి ప్రశ్నలు, చాలా చోట్ల ఒక రేటింగ్ పట్టిక, చివర్లో పీడీఎఫ్ అప్‌లోడ్ చేసే చోటు ఉంటాయి. విద్యార్థి వెయివ్ చేశాడా లేదా అన్నది కూడా రికమెండర్‌కు తెలుస్తుంది. విద్యార్థి వైపు మాత్రం లెటర్ అందిందా లేదా అనే స్టేటస్ తప్ప ఇంకేమీ కనిపించదు.

గోప్యత అనే ఒక్క మాట కింద మూడు సంగతులు కలగాపులగమవుతుంటాయి. లెటర్ చూపించమని యూనివర్సిటీని చట్టబద్ధంగా అడిగే హక్కు విద్యార్థికి ఉందా అన్నది మొదటిది. రాసిన టీచర్ తనంతట తాను చూపించవచ్చా అన్నది రెండోది. యూనివర్సిటీ ఆ లెటర్‌ను బయటివాళ్ల కంట పడకుండా ఉంచాలా అన్నది మూడోది. ఫారంలోని టిక్కుకు సంబంధం మొదటిదానితోనే.

1974లో నాలుగు నెలల పేచీ

ఫెర్పా అంటే ఫ్యామిలీ ఎడ్యుకేషనల్ రైట్స్ అండ్ ప్రైవసీ యాక్ట్. న్యూయార్క్ సెనేటర్ జేమ్స్ బక్లీ చొరవతో వచ్చింది కాబట్టి పాతవాళ్లు బక్లీ సవరణ అనేవాళ్లు. అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ 1974 ఆగస్టు 21న సంతకం చేశారు, నవంబర్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. విద్యాసంస్థ దగ్గరున్న తమ రికార్డులను చూసుకునే హక్కు తల్లిదండ్రులకు, విద్యార్థులకు ఉంటుందన్నది దాని సారం. పిల్లలకు 18 ఏళ్లు నిండేదాకా ఈ హక్కు తల్లిదండ్రులది. 18 నిండినా, అంతకుముందే కాలేజీలో చేరినా విద్యార్థి చేతికి వస్తుంది.

యూనివర్సిటీలు కంగారుపడ్డది రికమండేషన్ లెటర్ల దగ్గరే. ఎవరికీ చూపించరన్న నమ్మకంతో ప్రొఫెసర్లు ఏళ్ల తరబడి రాసిన లెటర్లు ఫైళ్లలో ఉన్నాయి. వాటిని ఇప్పుడు విద్యార్థి ముందు పెట్టాలా? ఈ గొడవకు పరిష్కారంగా బక్లీ, మరో సెనేటర్ క్లెయిబోర్న్ పెల్ కలిసి తెచ్చిన సవరణ ఆ ఏడాది చివర్లోనే చట్టమైంది. 1975 జనవరి 1కి ముందు ఫైల్లో చేరిన రహస్య లెటర్లను చూపించనక్కర్లేదు. ఆ తర్వాతి వాటిని చూసే హక్కు విద్యార్థికి ఉంటుంది గానీ, కావాలంటే రాతపూర్వకంగా వదులుకోవచ్చు. ఈనాటి ఫారంలో కనిపించే టిక్కు ఆ రాజీ నుంచి పుట్టిందే.

రాజీకి షరతులున్నాయి. వెయివర్ మూడు రకాల లెటర్లకే పనికొస్తుంది: విద్యాసంస్థలో ప్రవేశం కోసం రాసినవి, ఉద్యోగ దరఖాస్తు కోసం రాసినవి, గౌరవాలూ పురస్కారాల కోసం రాసినవి. సంతకం విద్యార్థే పెట్టాలి. మైనరైనా సరే, అమ్మానాన్నల సంతకం చెల్లదు. వెయివ్ చేస్తేనే సీటిస్తాం, ఆర్థిక సాయం ఇస్తాం అని సంస్థ మెలిక పెట్టకూడదు. అడిగితే లెటర్లు రాసినవాళ్ల పేర్లయినా చెప్పాలి. లెటర్‌ను ఏ పనికి తెప్పించారో ఆ పనికే వాడాలి. వెయివర్‌ను తర్వాత రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. కాకపోతే రద్దు అప్పటినుంచి జరిగేవాటికే వర్తిస్తుంది. వెయివ్ చేసి ఉండగా అందిన లెటర్లు మూసినవి మూసినట్టే ఉంటాయి.

ఒకే పేజీలో రెండు వేర్వేరు ఒప్పుకోళ్లు

కామన్ యాప్ ఫెర్పా పేజీలో తికమకకు పెద్ద కారణం అక్కడ రెండు విషయాలు పక్కపక్కన ఉండడం. నా మార్కుల రికార్డులు, ఇతర పత్రాలు కాలేజీలకు పంపడానికి నా స్కూల్‌కు అనుమతిస్తున్నాను అనేది మొదటిది. ఇది పంపడం గురించి. లెటర్లను చూసే హక్కును వదులుకుంటున్నాను లేదా వదులుకోవడం లేదు అనేది రెండోది. ఇది చూడడం గురించి. మొదటిదానికి ఒప్పుకోకపోతే అప్లికేషన్ ముందుకు కదలదు. రెండోదానిలో ఏది ఎంచుకున్నా కదులుతుంది.

అసలు ఆ పేజీ కనబడడం లేదని ఏటా కొందరు తల పట్టుకుంటారు. లిస్టులో కనీసం ఒక కాలేజీని చేర్చి, చదువు వివరాల విభాగంలో ప్రస్తుత స్కూల్ పేరు నింపితే గానీ అది తెరుచుకోదు. అది పూర్తయ్యేదాకా టీచర్లకు ఆహ్వానం పంపడం కుదరదు. అక్కడ చేసిన ఎంపిక అప్లై చేసే అన్ని కాలేజీలకూ కలిపి ఒక్కటే, తర్వాత మార్చే వీలు లేదని ఆ ఫారమే చెబుతుంది.

ఎంఎస్ పోర్టళ్లలో లెక్క వేరు. ఆరు యూనివర్సిటీలకు ముగ్గురేసి రికమెండర్లంటే 18 లెటర్లు. చాలా పోర్టళ్లు రికమెండర్‌కు విడివిడిగా వెయివర్ అడుగుతాయి. అంటే ఇద్దరికి వెయివ్ చేసి మూడో ఆయనకు చేయకుండా ఉండడమూ సాధ్యమే. అలా చేస్తే అప్లికేషన్ చదివేవాళ్ల చూపు ఆ మూడో పేరు మీద ఆగుతుంది. వేలు తగిలి పొరపాటున ‘కాదు’ పడినా ఇదే పరిస్థితి.

స్వాతి 15 లెటర్ల లెక్క

హక్కు ఎంత బరువుందో తూచడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. వరంగల్‌లో బీటెక్ చేసిన స్వాతి ఐదు అమెరికన్ యూనివర్సిటీలకు ఎంఎస్‌కు అప్లై చేసింది. రికమెండర్లు ముగ్గురు. మొత్తం 15 లెటర్లు. హక్కు వదులుకోవడం ఇష్టంలేక అన్నిచోట్లా ‘కాదు’ అనే పెట్టింది. రెండుచోట్ల అడ్మిట్ వచ్చింది, ఒకచోట చేరింది.

ఫెర్పా దృష్టిలో విద్యార్థి అంటే ఆ సంస్థలో చదువుతున్న లేదా చదివిన వ్యక్తి. కేవలం అప్లై చేసినవాళ్లు ఆ మాటలోకి రారు. కాబట్టి స్వాతిని తిరస్కరించిన మూడు యూనివర్సిటీల మీద, అడ్మిట్ ఇచ్చినా ఆమె వెళ్లని నాలుగోదాని మీద ఆమెకు ఈ చట్టం కింద ఏ హక్కూ లేదు. ‘కాదు’ అని టిక్కు పెట్టినా సరే. 12 లెటర్లు అక్కడే లెక్కలోంచి పోయాయి. మిగిలిన మూడూ ఆమె చేరిన యూనివర్సిటీవి. వాటిని చూసే హక్కు కూడా ఆమె అక్కడి విద్యార్థి అయ్యాకే పుడుతుంది, ఆలస్యమంటే క్లాసులు మొదలయ్యే రోజుకి. అప్పటికి ఆ లెటర్లు ఫైల్లో ఉంటేనే చూడగలదు. అడ్మిషన్ నిర్ణయం అయ్యాక వాటిని పారేసే సంస్థల్ని చట్టం ఆపదు, విద్యార్థి అడిగాక మాత్రం తీసెయ్యకూడదు.

ఇక వరంగల్ కాలేజీ సంగతి. అమెరికా విద్యాశాఖ నిధులు తీసుకునే సంస్థలకే ఫెర్పా వర్తిస్తుంది. మన కాలేజీల మీద దానికి పట్టు లేదు. హెచ్‌ఓడీ కంప్యూటర్లో ఉన్న కాపీని ఆ చట్టం చూపించి అడగడం కుదరదు. ఇక్కడ పౌరసత్వంతో నిమిత్తం లేదని గమనించాలి. స్వాతి ఎఫ్‌-1 వీసా మీద ఉన్నా, ఆమె చేరిన అమెరికన్ యూనివర్సిటీలో పక్క సీటు అమెరికన్‌కు ఎంత హక్కుందో ఆమెకూ అంతే.

మొత్తానికి ‘అవును’ పెడితే స్వాతికి చూసే హక్కున్న లెటర్లు సున్నా. ‘కాదు’ పెడితే మహా అయితే మూడు, అదీ సీటొచ్చి, విమానమెక్కి, క్లాసులో కూర్చున్నాక. అప్పుడు అందులో ఏముందో తెలిసినా దానితో మార్చగలిగేదేమీ ఉండదు.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో పబ్లిక్ హైస్కూల్లో చదివే తెలుగు కుర్రాడి విషయంలో ఇంకో పొర ఉంది. అతని స్కూల్‌కూ ఫెర్పా వర్తిస్తుంది, కౌన్సెలర్ ఆఫీసులో దాచిన కాపీ కూడా రికార్డే కావచ్చు. 18 నిండకముందు దాన్ని అడిగే హక్కు అమ్మానాన్నలది. వెయివర్ నిబంధన ముఖ్యంగా కాలేజీల ఫైళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది కాబట్టి స్కూల్ దగ్గరి కాపీ వ్యవహారం అంత సూటిగా తేలదు. ప్రభుత్వ నిధులు తీసుకోని ప్రైవేటు స్కూలైతే ఈ ప్రశ్నే రాదు.

వెయివర్ ఆపనివి

వెయివ్ చేసిన విద్యార్థి వదులుకున్నది యూనివర్సిటీని అడిగే హక్కును మాత్రమే. రాసిన టీచర్ నోటికి అది తాళం వెయ్యదు. ‘ఇదిగో, నీ గురించి ఇలా రాశాను’ అని మేడమ్ స్వయంగా కాపీ ఇస్తే చదవడంలో చట్టపరంగా ఏ తప్పూ లేదు. చూపించాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. చూపించకూడదని తన వృత్తినియమంగా పెట్టుకున్నవాళ్లూ ఉంటారు.

లెటర్లో ఏం రాయవచ్చన్నది వేరే ప్రశ్న. క్లాసులో తాను చూసింది, ప్రాజెక్టులో గమనించింది రాయడానికి టీచర్‌కు ఎవరి అనుమతీ అక్కర్లేదు. మార్కులు, జీపీఏ, ర్యాంకు వంటివి సంస్థ రికార్డుల్లోంచి తీసి రాస్తే మాత్రం అమెరికాలో సాధారణంగా విద్యార్థి రాతపూర్వక అనుమతి కావాలి. కొత్తగా చేరబోయే సంస్థకు రికార్డులు పంపడానికి చట్టంలో మినహాయింపు ఉన్నా, అక్కడి యూనివర్సిటీలు చాలామటుకు అనుమతి పత్రం తీసుకునే ముందుకు వెళ్తాయి. విద్యార్థి అనారోగ్యం గురించి, ఇంట్లో కష్టాల గురించి మంచి ఉద్దేశంతోనే రాసినా, అతను చెప్పమనకపోతే చిక్కే.

వెయివ్ చెయ్యమని కాలేజీ బలవంతపెట్టకూడదన్న నియమం టీచర్‌ను బంధించదా? కాలేజీకి షరతు పెట్టే అధికారం లేదు. విడిగా ఒక టీచర్ మాత్రం నేను రాయలేనని మర్యాదగా తప్పుకోవచ్చు, ఎందుకని చెప్పాల్సిన పని కూడా లేదు. వెయివ్ చేయకపోతే కొందరు రాయడానికి నిరాకరించవచ్చని కామన్ యాప్ కూడా ముందే హెచ్చరిస్తుంది. కాగితం మీద స్వేచ్ఛగా ఇచ్చిన హక్కు ఆచరణలో ఎందుకు పలచబడుతుందో ఇక్కడ తెలుస్తుంది.

చూడకూడదనేవాళ్లు, చూడాలనేవాళ్లు

గోప్యత కావాలనేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది. చదివేది విద్యార్థేనని తెలిస్తే రాసే చేయి మెత్తబడుతుంది. మనస్తత్వవేత్తలు స్టీఫెన్ సెసి, డగ్లస్ పీటర్స్ 1984లో అమెరికన్ సైకాలజిస్ట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, విద్యార్థి చూసే వీలున్న లెటర్లు రహస్య లెటర్లకంటే ఎక్కువ పొగడ్తతో ఉన్నాయని తేలింది. అడ్మిషన్ కమిటీ ఈ తేడాను మనసులో వేసుకునే చదువుతుంది. ‘కాదు’ అన్న టిక్కు ఉన్న లెటర్లో నిజంగా అర్హమైన పొగడ్త ఉన్నా కాస్త తగ్గించి చూస్తుంది.

రేటింగ్ పట్టికలో ఇది ఇంకా స్పష్టం. కామన్ యాప్ టీచర్ ఫారంలో సగటుకంటే తక్కువ నుంచి మొదలై, పై 10 శాతం, పై 5 శాతం, చివరికి తాను చూసిన అతి కొద్దిమందిలో ఒకరు, అంటే పై 1 శాతం దాకా గళ్లుంటాయి. లెటర్ మొత్తం తియ్యగా రాసిన టీచర్ కూడా ఇక్కడ ‘మంచి’ అనే గడి దగ్గర ఆగిపోవచ్చు. చదివేవాళ్లకు ఆ తేడా చాలు.

ఎదుటి వాదననూ తీసిపారెయ్యలేం. మూసిన కవర్లో పొరపాట్లు కూడా మూసుకుపోతాయి. పాత లెటర్‌ను తిరగరాస్తూ వేరే విద్యార్థి పేరు వదిలేయడం, ఒక యూనివర్సిటీకి వెళ్లాల్సిన దాంట్లో ఇంకో యూనివర్సిటీ పేరుండడం, అమ్మాయిని అబ్బాయిగా రాయడం కొత్తేమీ కాదు. విద్యార్థికి ఇవి ఎప్పటికీ తెలియవు. పక్షపాతం ఇంకా లోతైనది. ఫ్రాన్సెస్ ట్రిక్స్, క్యారొలిన్ సెంకా 2003లో ప్రచురించిన అధ్యయనంలో ఒక అమెరికన్ వైద్య కళాశాల అధ్యాపక నియామకాల కోసం వచ్చిన 300కు పైగా లెటర్లను పరిశీలించారు. మహిళలకు రాసినవి సగటున చిన్నవిగా ఉండడం, సందేహం రేకెత్తించే మాటలు వాటిలో ఎక్కువగా ఉండడం వాళ్ల కంటపడింది.

గోప్యత పోతే నిజాయతీ పోతుందన్న వాదనను అమెరికా సుప్రీంకోర్టు కూడా ఒకసారి ఒప్పుకోలేదు. 1990 నాటి యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా కేసు అధ్యాపకుల శాశ్వత నియామకానికి సంబంధించినది, విద్యార్థులది కాదు. వివక్ష ఆరోపణపై విచారణలో తోటి పండితులు రాసిన రహస్య మదింపు పత్రాలు ఇవ్వనని యూనివర్సిటీ అంటే, అలాంటి ప్రత్యేక రక్షణ ఏదీ లేదని కోర్టు తేల్చింది. రాసేవాళ్లు వెనకాడతారన్న భయం ఊహేనన్న ధోరణిలో మాట్లాడింది.

ఈ రెండో పక్షం వాదన వ్యవస్థ మీద గట్టిగానే పనిచేస్తుంది. ఒక విద్యార్థి తన ఫారంలో ‘కాదు’ అని పెట్టడం వల్ల మాత్రం ఆ లోపాలేవీ సరికావు. తప్పు పడిన లెటర్ కనబడేది సీటు వచ్చిన చోటే, నష్టం జరిగేది సీటు రాని చోట. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు వేరే దారి పట్టాయి: బ్యాచిలర్స్ అప్లికేషన్‌తో పాటు లెటర్లు పంపమని మామూలుగా అడగవు.

మన దగ్గర అసలు చిక్కు: ‘డ్రాఫ్ట్ తెచ్చుకో, సంతకం పెడతా’

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈ మాట వినని ఎంఎస్ ఆశావహులు తక్కువ. దీనివెనక ఉన్నది ప్రతిసారీ బద్ధకమే కాదు. సెక్షన్‌కు 60, 70 మంది, ఒక్క హెచ్‌ఓడీ. అక్టోబర్, నవంబర్‌లలో డజన్ల కొద్దీ పిల్లలు గది బయట నిలబడతారు. మూడో సంవత్సరంలో ఒక్క సబ్జెక్టు చెప్పిన విద్యార్థి గురించి పేజీ నిండా ఏం రాయాలో, అమెరికన్ కమిటీ ఏం చూస్తుందో చాలామంది అధ్యాపకులకు ఎవరూ చెప్పలేదు. దాంతో విద్యార్థి తన లెటర్ తనే రాసుకుంటాడు, లేదా కన్సల్టెన్సీ రాసిపెడుతుంది. ఆపైన పోర్టల్‌లో ‘వెయివ్’ అని టిక్కు పెడతాడు. చూడనని సంతకం పెట్టిన లెటర్ తన పెన్‌డ్రైవ్‌లోనే ఉంటుంది.

ఇది ఫెర్పా ఉల్లంఘన కాదు. లెటర్ ఎవరు టైప్ చేశారన్నది ఆ చట్టానికి పట్టదు. చిక్కు వేరే చోట వస్తుంది: అప్లికేషన్ చివర ఇందులోని సమాచారమంతా నిజమని, పత్రాలు అసలైనవని విద్యార్థి ధ్రువీకరిస్తాడు. లెటర్ రికమెండరే రాయాలని విడిగా చెప్పే యూనివర్సిటీలూ ఉన్నాయి. 

అన్నిటినీ ఒకే గాటన కట్టలేం. రెజ్యూమే, మార్కుల మెమో, ప్రాజెక్టు రిపోర్టు, క్లాసులో జరిగిన రెండు మూడు సంఘటనల గుర్తులు టీచర్‌కు ఇవ్వడం ఏ దేశంలోనైనా మామూలే. అమెరికన్ స్కూళ్లలో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక ఫారం నింపించుకుంటారు. ముసాయిదా ఇస్తే ప్రొఫెసర్ సగం కొట్టేసి తన మాటల్లో తిరగరాయడం మధ్యలో ఉంటుంది, దీనిమీద అభిప్రాయభేదాలున్నాయి. చదవకుండా సంతకం పెట్టిన లెటర్ ఆ గీత దాటినట్టే. ప్రొఫెసర్ పేరుతో విద్యార్థో కన్సల్టెన్సీయో జీమెయిల్ ఖాతా తెరిచి లింకు తామే నింపితే అది ఫోర్జరీ. బయటపడితే అడ్మిషన్ రద్దు చేసే హక్కు యూనివర్సిటీకి ఉంటుంది, చదువు మధ్యలో బయటపడినా అంతే.

ఎలా బయటపడుతుందంటే, చాలాసార్లు చిన్న చిన్న వాటితోనే. పీడీఎఫ్ తెరిచి ప్రాపర్టీస్ నొక్కితే రచయిత అన్న చోట విద్యార్థి పేరే కనిపిస్తుంది, ఎందుకంటే వర్డ్ ఫైల్ పుట్టింది అతని లాప్‌టాప్‌లో. ముగ్గురు వేర్వేరు ప్రొఫెసర్ల లెటర్లలో ఒకే ఫాంటు, ఒకే మార్జిన్, ఒకే చోట జారిన కామా ఉంటాయి. మూడూ ‘ఇట్ గివ్స్ మీ ఇమ్మెన్స్ ప్లెజర్’ అనే మొదలవుతాయి. డేటా స్ట్రక్చర్స్ చెప్పిన లెక్చరర్ విద్యార్థి పదో తరగతిలో గెలిచిన క్విజ్ పోటీ గురించి వర్ణిస్తాడు. ఒకే కాలేజీ నుంచి ఒకే సీజన్‌లో వచ్చిన పది అప్లికేషన్లు ఒకే కమిటీ ముందుకు వస్తాయని కన్సల్టెన్సీ టెంప్లేటు రాసినవాళ్లకు తట్టదు.

ఇంతా చేసి, సొంతంగా రాసుకున్న లెటర్ కూడా పూర్తిగా విద్యార్థి చేతిలో ఉండదు. రేటింగ్ పట్టిక నింపేది లింకు తెరిచిన ప్రొఫెసర్. లెటర్లో ‘నా పదిహేనేళ్ల అనుభవంలో ఇలాంటి విద్యార్థిని చూడలేదు’ అని ఉండి, పట్టికలో ‘సగటు’ దగ్గర టిక్కు ఉంటే, చదివేవాళ్లు ఏది నమ్ముతారో చెప్పక్కర్లేదు.

గోప్యత నిజంగా చిల్లుపడే ఇంకో చోటు లింకే. ఒక హెచ్‌ఓడీని 12 మంది అడిగారనుకోండి, ఒక్కొక్కరు ఆరు యూనివర్సిటీలకు. 72 లింకులు. సగం స్పామ్ ఫోల్డర్‌లో పడతాయి. గడువు దగ్గరపడేసరికి ఆయన విసిగిపోయి పాస్‌వర్డ్ ల్యాబ్ అసిస్టెంట్‌కో, కొన్నిసార్లు విద్యార్థికో చెప్పేస్తారు. పోర్టల్ దృష్టిలో లింకు తెరిచినవాడే రికమెండర్. అక్కడినుంచి వెయివర్ టిక్కుకు అర్థం మిగలదు. అనుబంధ కాలేజీల్లో చాలామంది లెక్చరర్లకు కాలేజీ డొమైన్‌తో ఈమెయిల్ ఉండదు, జీమెయిలే గతి. దాన్నిబట్టి లెటర్‌ను పక్కన పెట్టెయ్యరు గానీ, అనుమానం వచ్చిన కమిటీ కాలేజీ వెబ్‌సైట్లో ఆ పేరు, ఫోన్ నంబరు వెతుకుతుంది. లెటర్‌హెడ్ మీద ఉన్న నంబరు అక్కడ కనిపించకపోతే ప్రశ్నలు మొదలవుతాయి.

బ్రిటన్‌లో టిక్కే లేదు

బ్రిటన్‌కు బ్యాచిలర్స్ అప్లికేషన్లు యూకాస్ ద్వారా వెళ్తాయి. ఎంచుకున్న కోర్సులన్నిటికీ కలిపి స్కూల్ ఒక్క రిఫరెన్సే పంపుతుంది. 2024 ప్రవేశాల నుంచి అది మూడు భాగాలుగా మారింది: స్కూల్ గురించి, విద్యార్థి చదువుకు అడ్డుపడిన ప్రత్యేక పరిస్థితుల గురించి, తెలియజేయాల్సిన ఇతర విషయాల గురించి. హక్కు వదులుకుంటారా అన్న ప్రశ్న అక్కడ లేదు, ఎందుకంటే ఆ నిర్ణయం చట్టమే చేసేసింది. 1998 నాటి డేటా రక్షణ చట్టం కింద, రహస్య రిఫరెన్సును రాసినవాళ్లు చూపించనక్కర్లేదు గానీ, అందుకున్నవాళ్లను అడిగే వీలుండేది. 2018 చట్టం ఇద్దరికీ మినహాయింపు ఇచ్చింది.

చేరాక ఫైలు అడిగితే

అమెరికాలో చేరిన విద్యార్థి తన అడ్మిషన్ ఫైలు చూస్తానని యూనివర్సిటీని అడిగితే 45 రోజుల్లోగా చూపించాలి. చూపించడం వేరు, కాపీ ఇవ్వడం వేరు. దూరం వంటి కారణాల వల్ల వచ్చి చూసే వీలు లేనప్పుడే కాపీయో, చూసేందుకు మరో ఏర్పాటో చేయాలి. వెయివ్ చేసిన లెటర్లను ఫైల్లోంచి తీసి మిగతావి ముందు పెడతారు. 2015 జనవరిలో స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల ఫౌంటెన్ హాపర్ అనే న్యూస్‌లెటర్ ఈ 45 రోజుల దారిని బయటపెట్టాక, పలు యూనివర్సిటీలకు అభ్యర్థనలు వెల్లువెత్తాయి. అడ్మిషన్ అధికారుల వ్యాఖ్యలు, అంకెల మదింపులు విద్యార్థులకు కనిపించాయి, వెయివ్ చేసిన లెటర్లు కాదు. కొన్ని సంస్థలు దీనికి విరుగుడుగా అలాంటి రికార్డులను దాచడమే మానేశాయి. యేల్ లా స్కూల్ వాటిలో ఒకటి.

యూనివర్సిటీ నియమం తప్పితే విద్యాశాఖలోని స్టూడెంట్ ప్రైవసీ పాలసీ ఆఫీసుకు, తప్పు జరిగిందని తెలిసిన 180 రోజుల్లోపు ఫిర్యాదు చేయవచ్చు. ఫెర్పా కింద నేరుగా కోర్టుకెక్కి పరిహారం అడగడం కుదరదని 2002లో గొంజాగా యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు 7–2 తేడాతో చెప్పింది. ఆ కేసు కూడా ఒకరకంగా సిఫార్సుకు సంబంధించినదే. వాషింగ్టన్ రాష్ట్రంలో టీచర్ కావాలనుకున్న ఒక విద్యార్థికి సత్ప్రవర్తన పత్రం కావాలి. యూనివర్సిటీ అధికారి అది ఇవ్వకపోగా, అతని మీద ఉన్న ఆరోపణలను అతనికి తెలియకుండా రాష్ట్ర అధికారులకు చెప్పారు. జ్యూరీ అతనికి మొత్తం 11,55,000 డాలర్లు ఇవ్వమంది. అందులో ఫెర్పా పేరుమీద వచ్చిన 4,50,000 డాలర్లకు సుప్రీంకోర్టు తీర్పుతో ఆధారం పోయింది. పరువునష్టం వంటి రాష్ట్ర చట్టాల కింద వచ్చిన మిగతా మొత్తం జోలికి ఆ తీర్పు వెళ్లలేదు.